కంపూన్ పెద్దమ్మ మాత్రలు

బ్యాంకాక్,
బౌద్ధ శకం 2544, జులై 18.

పూజ్యులైన కంపూన్ పెద్దమ్మ గారి పాదాలకు తల ఆనించి సయ్‌పిన్ రాయునది.

ఈ ఉత్తరం అందేసరికి మన సిసకేత్‌లో నాట్లు సగమైనా అయి, మీ మోకాళ్ళ నొప్పి కొంత నెమ్మదించి ఉంటుందని తలుస్తున్నాను. నేను బాగున్నాను. మా ఆయన విహారంలో బాగున్నారు. ఇక్కడ రోజూ మధ్యాహ్నం వాన పడుతోంది. బట్టలు ఆరడం లేదు.

నేను చదివింది నాలుగో తరగతి. వాక్యం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఇప్పటికీ తెలియదు. అందుకని రాశాక ఒకసారి చూసి తప్పులు దిద్ది ఇస్తానని వొరవుత్ గారన్నారు. కాగితం, కవరు కూడా ఆయనే తెచ్చారు. వొరవుత్ గారంటే పులిపంజా శక్తిపానీయం కంపెనీ తరఫున మా ఆయన మంచీచెడూ చూసే పెద్దమనిషి. ఏప్రిల్ నుంచి మా ఇంట్లో ఏం జరిగినా ఆయన చెప్పినట్టే జరిగింది కనుక ఆయన సంగతితోనే మొదలుపెడతాను.

మార్చిలో విదేశంలో జరిగిన బరువులెత్తే పోటీల్లో మా ఆయనకు బంగారు పతకం వచ్చినప్పుడు మన ఊళ్ళో మైకు పెట్టారని విన్నాను. సొంక్రాన్ నీళ్ళ పండుగ మరునాడు ఆయన మూత్రంలో నిషేధించిన మందు దొరికిందని కబురొచ్చింది. పతకం వెనక్కి తీసుకున్నారు. రెండేళ్ళు పోటీలకు రావద్దన్నారు. మా వీధి మలుపులో పులిపంజా సీసా పట్టుకుని నవ్వుతున్న ఆయన పెద్ద బొమ్మ ఉండేది. దాని ముఖం మీద ఎవరో బురద కొట్టారు.

ఆ సాయంత్రమే వొరవుత్ గారు వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చాప మీద కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి మాట్లాడారు.

"తమ్ముడూ, తెలిసి చేశావంటే నువ్వు దొంగవి. తెలియక చేశావంటే మనవాడివి. ఈ రెంటిలో నువ్వు ఎవరివో రేపు పేపరు వాళ్ళు రాసేలోపు మనమే తేల్చుకోవాలి" అన్నారు.

మా ఆయన చాప అల్లిక చూస్తూ కూర్చున్నారు. వొరవుత్ గారు లేచి ఇల్లంతా ఒకసారి తిరిగారు. అలమర మీద, మా పెళ్ళికి మీరు పంపిన తగరపు డబ్బా ఆయన కంట పడింది. అదేమిటని అడిగారు. మా పెద్దమ్మ మూలికలు నూరి చేసే మాత్రలని, ఊళ్ళో బాలింతలకూ నీరసపడిన వాళ్ళకూ ఇస్తారని చెప్పాను. ఆయన డబ్బా వైపు చాలాసేపు చూశారు.

"చెల్లాయ్, నువ్వు మాట్లాడవు మాట్లాడవు అనుకుంటే, మాట్లాడితే పనికొచ్చే మాటే మాట్లాడావు" అన్నారు.

ఆ తర్వాతిది మీరు పేపర్లో చదివే ఉంటారు. పల్లెటూరి పిల్ల, భర్త మీద ప్రేమకొద్దీ, తెలివి తక్కువై, పెద్దమ్మ చేసిన నాటు మాత్రలు నూరి అన్నంలో కలిపి పెట్టిందని. ఆ డబ్బా ఫొటోకి కావాలని వొరవుత్ గారు మరునాడు మనిషిని పంపారు. వెతికితే కనబడలేదు. వాళ్ళే సంతలో అలాంటిది ఒకటి కొని ఫొటో తీయించారు.

పేపరు వాళ్ళను ఒక హోటల్లో పెద్ద గదికి పిలిచారు. నాకు తెల్ల రవిక, ముదురు రంగు లుంగీ ఇచ్చారు. గాజులు తీసేయించారు. నాకు నలుగురి ముందు గొంతు పెగలదని మీకు తెలుసు కదా. ఆ మాటే చెప్పాను.

"ఎవరు పెగల్చమన్నారు? మాటలు నేను చూసుకుంటాను. నువ్వు తల ఎత్తకుండా కూర్చో, నేను మోచేతితో తగిలించినప్పుడు వంగి నేలకు మొక్కు, అంతే. నీ సిగ్గే మనకు సగం పని చేసిపెడుతుంది" అన్నారు.

అలాగే చేశాను. వంగి ఉన్నప్పుడు నాకు తివాచీ మీద ఎవరో రాల్చిన బిస్కెట్టు పొడి కనబడింది. వొరవుత్ గారు నా తరఫున అన్నీ చెప్పారు. వెనక వరుసలో ఒక పెద్దావిడ ముక్కు చీదింది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో వొరవుత్ గారు ముందు సీట్లోంచి తిరిగి, "తమ్ముడూ, నీ పెళ్ళాం బంగారం. నేర్పితే వచ్చే విద్య కాదది" అన్నారు. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

మరునాటి నుంచి ఆయన్ను తిట్టడం తగ్గింది. నేను సంతకు వెళ్తే చేపలమ్మే ఆవిడ, "ఏమ్మా, ఇవాళ మీ ఆయనకేం కలిపి పెడుతున్నావు? నాకూ కాస్త ఇవ్వు, ఈ చేపల గంప ఒంటిచేత్తో ఎత్తుతాను" అంది. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. ఆవిడ చెడ్డది కాదు. తోకముక్క ఒకటి ఊరికే వేసింది.

తర్వాత మా ఆయన పేరు. థవిన్ అన్న పేరులో మొదటి అక్షరం కలిసిరాలేదని వొరవుత్ గారు తెచ్చిన జ్యోతిష్కుడు చెప్పాడు. జిల్లా ఆఫీసుకు తీసుకెళ్ళి ఫూరిన్ అని మార్పించారు. మచ్చ పడింది థవిన్ మీద, ఫూరిన్ మీద కాదు కదా అని వొరవుత్ గారు నవ్వారు. నాకు మాత్రం నోరు తిరగడం లేదు. కూర కలుపుతూ థవిన్ అని పిలిచేస్తాను, ఆయనా పలికేస్తారు.

జూన్ నెలాఖరులో భిక్షువుగా దీక్ష ఇప్పించాలని నిర్ణయించారు. పదిహేను రోజులు. చేసిన తప్పు పుణ్యంతో కడుక్కుంటున్నాడని జనం చూస్తారు, కెమెరా వాళ్ళకూ మంచి దృశ్యం అన్నారు. ఒక్క కనుబొమల దగ్గరే చిక్కొచ్చింది. తలతోపాటు కనుబొమలు కూడా గొరుగుతారని వొరవుత్ గారికి చివరిదాకా గుర్తు రాలేదట. "స్వామీ, జులై పద్నాలుగున ప్రకటన షూటింగు ఉంది, కనుబొమలు ఉంచితే రెట్టింపు దానం చేస్తాం" అని పెద్ద భిక్షువును అడిగారు. ఆయన, "అయితే కనుబొమలు ఇంట్లో పెట్టి రమ్మను" అన్నారు.

దీక్షకు ఆయనతో బరువులెత్తే స్నేహితులంతా వచ్చారు. ఆనవాయితీ ప్రకారం ఆయన్ను భుజాల మీద మోయాలి. "ఒరేయ్, ఇన్నాళ్ళూ నువ్వెత్తితే మేం చప్పట్లు కొట్టాం, ఇవాళ నిన్నెత్తే ఖర్మ మాకు పట్టింది" అని ఒకడు, "ఈ బరువుకి మాకు పతకం ఎవరిస్తారు?" అని ఇంకొకడు అరుస్తుంటే ఆయన కూడా నవ్వారు. ఏప్రిల్ తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను. విహారంలోకి ఆయన తీసుకెళ్ళే దిండు మోసింది నేను. ఆ దిండుకు పులిపంజా గుర్తు కుట్టించారు. పెద్ద భిక్షువు దాని వైపు చూశారు. నేను గుర్తును పొట్టవైపు తిప్పుకుని పట్టుకున్నాను.

విహారంలోకి వెళ్ళే ముందు పూలూ కొవ్వొత్తీ పళ్ళెంలో పెట్టుకుని, ఎవరిపట్ల తప్పు చేశారో వాళ్ళందరినీ క్షమాపణ అడగాలి కదా. ఎవరిని ముందు, ఎవరిని తర్వాత అన్నది వొరవుత్ గారు కుదిర్చారు. ముందు కంపెనీ యజమాని, తర్వాత జట్టు పెద్దలు, తర్వాత అభిమానుల తరఫున ఒక ముసలాయన. నన్ను ఆ వరుసలో పెట్టలేదు. తప్పు నాది కనుక నేను అడగాలి గానీ నన్ను అడగడం ఏం బాగుంటుందన్నారు. అయినా ఆయన చివర్లో నా దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నా పాదాల మీద నుదురు పెట్టి ఏదో అన్నారు. మైకు అటు పక్కన ఉంది. ఆ ఫొటోయే అన్ని పేపర్లలో మొదటి పేజీలో వచ్చింది. తప్పు చేసిన భార్యకు కూడా తలవంచిన మనిషి అని రాశారు.

మరునాడు కాషాయ చీవరంలో ఉన్న ఆయన్ను విహారం వసారాలో కూర్చోబెట్టి పేపరు వాళ్ళతో మాట్లాడించారు. ఒకమ్మాయి చేతులు జోడించి, "స్వామీ, ఆ మాత్రలు మీ భార్య ఇచ్చినవేనా?" అని అడిగింది. ఆయన పలకలేదు. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. ఆయన ఒళ్ళో చేతులు చూసుకుంటూ ఉండిపోయారు. కొత్తగా దీక్ష తీసుకున్నారు, మనసు ధ్యానంలో ఉందని వొరవుత్ గారు సర్దిచెప్పారు. మర్నాడు, భార్య మీద నింద పడకుండా మౌనం పట్టాడని రాశారు. వీధి మలుపులో బొమ్మ కడిగి మళ్ళీ నిలబెట్టారు. వొరవుత్ గారు దానికి దండ కూడా వేయించారు.

పదిహేను రోజులు కాకుండానే వర్షావాసం వచ్చింది. ఆ రోజు మిగతా భిక్షువులతో కలిసి ఆయన కూడా మూడు నెలలు విహారం దాటనని వ్రతం పట్టారు. ఎవరికీ ముందు చెప్పలేదు. వొరవుత్ గారు వానలో గొడుగు లేకుండా మా ఇంటికి వచ్చి, "మూడు నెలలా! నా షూటింగో?" అన్నారు. వెంట వచ్చిన కెమెరా అబ్బాయి, "ఎలాగూ కనుబొమలు లేవు కదండీ" అన్నాడు. వాడికి ఆ రోజు అన్నం పెట్టలేదనుకుంటాను.

ఇక ఈ ఉత్తరం ఎందుకో చెప్పాలి. మన ఊరి లారీ బున్‌తా మామ మొన్న ఊరబెట్టిన చేపల జాడీ ఇవ్వడానికి వచ్చాడు. మీరు సంతలో కూర్చోవడం లేదని, బాలింతలు కూడా మీ దగ్గరికి రావడం లేదని, నూరే రోలు ఇంటి కింద స్తంభాల మధ్య బోర్లించేశారని చెప్పాడు. ఆ అబ్బాయి బతుకు నా చేత్తోనే పాడైందని మీరు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటున్నారట.

వొరవుత్ గారికి ఈ సంగతి చెప్పాను. ఆయన చాలా బాధపడ్డారు. అందుకే మీకు మంచి జరిగే ఏర్పాటు చేశారు. వచ్చే మంగళవారం ఉదయం టీవీ వాళ్ళ కారు మీ ఇంటికి వస్తుంది. మీరు రోలు ముందు కూర్చుంటే చాలు. తెలియక చేశాను, క్షమించండి అని ఒక్క మాట అని చేతులు జోడిస్తే చాలు. తర్వాత నేను కూడా వాళ్ళ స్టూడియోలో కూర్చుని, అవును నేనే పెట్టాను అని నా నోటితో చెప్పాలి. ఆయన విహారంలో ఉన్నారు కనుక ఇప్పుడు మన ఇద్దరమే చెప్పాలట. జనం ముసలివాళ్ళను తొందరగా క్షమిస్తారని వొరవుత్ గారన్నారు. మీకు ఒక ఫ్రిజ్ కూడా ఇస్తారట. దాని మీద పులిపంజా బొమ్మ ఉంటుంది.

ఆలోచించుకోండి. ఒళ్ళు జాగ్రత్త. రాత్రుళ్ళు మోకాళ్ళకు వేడి కాపడం పెట్టుకోవడం మానకండి.

మీ చేతిలో పెరిగిన
సయ్‌పిన్

తర్వాత రాసింది:

పెద్దమ్మా, పైదంతా వొరవుత్ చదివాడు. రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ రాయించాడు. కవరు అంటించబోతుంటే, నీకు దీక్షనాటి ఫొటో ఒకటి పెట్టాలని, అంటించి నేనే పోస్టులో వేస్తానని తీసుకొచ్చేశాను. ఇప్పుడు పోస్టాఫీసులో బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను. కలం బల్లకు తాడుతో కట్టేసి ఉంది, ఆ తాడు పొట్టిది. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

మా ఆయన నీ మాత్ర ఒక్కటి కూడా తినలేదు. నేను పెట్టలేదు. పెళ్ళైన వారంలో డబ్బా విప్పి పెడతానంటే, బయటి మందు నాకు ఏదీ పడదు, పరీక్షలో దొరికిపోతాం అన్నాడు. దగ్గుమందు కూడా ముట్టేవాడు కాదు. ఏది దొరుకుతుందో, ఎన్నాళ్ళకు ఒంట్లోంచి పోతుందో ఆయనకు బాగా తెలుసు. శిక్షణ శిబిరం నుంచి ఇంటికి వచ్చిన రోజుల్లో గది తలుపు వేసుకుని తొడకు సూది వేసుకోవడం నేను చూశాను. విటమిను అన్నాడు. విటమినుకు తలుపెందుకని నేను అడగలేదు. ఆ సూదుల సంగతి వొరవుత్‌కు కూడా తెలుసు. తెలిసే నీ డబ్బా వైపు అంతసేపు చూశాడు.

దీక్షనాడు నా పాదాల మీద నుదురు పెట్టి ఆయన అన్న మాట ఇది. "పిన్, నువ్వేం పెట్టలేదు. నేనే వేసుకున్నాను. నీకూ మీ పెద్దమ్మకూ ద్రోహం చేశాను." మైకు అటు పక్కన ఉంది గానీ నేను ఇటు పక్కనే ఉన్నాను కదా.

వసారాలో ఎందుకు పలకలేదో కూడా విను. వొరవుత్ అంత తెలివైనవాడు, కాషాయం కట్టించాకే ప్రశ్నలు అడిగించాడు. అలాగైతే ఫొటో బాగుంటుందని. కాషాయం కట్టినవాడు తెలిసి అబద్ధమాడకూడదని మరిచిపోయాడు. పేపరు వాళ్ళు వెళ్ళాక పెద్ద భిక్షువు అతన్ని పిలిచి, "నీకు కావలసిన జవాబు వీడి నెత్తిన జుట్టున్నప్పుడే చెప్పించుకోవాల్సింది నాయనా" అన్నారు. నేను అక్కడే ఎంగిలి గిన్నెలు కడుగుతున్నాను.

బయటికి వస్తే అబద్ధం చెప్పాలని ఆయన మూడు నెలలు లోపలే ఉండిపోయాడు. మొదట నాకు అది మంచిగానే అనిపించింది. బున్‌తా మామ నీ రోలు సంగతి చెప్పాక అనిపించడం లేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజం కూడా చెప్పడం లేదు. దాక్కోవడానికి ఆయనకు కాషాయం ఉంది. నీకేముంది?

నువ్వు మంగళవారం చేతులు జోడించవద్దు. నేను స్టూడియోకు వెళ్ళడం లేదు. ఆదివారం రాత్రి బస్సుకు మన ఊరు వస్తున్నాను. కారు వచ్చేసరికి నీ పక్కన కూర్చుని ఉంటాను. రోలు తిరగేసి కడిగి ఉంచు.

నీ డబ్బా పోలేదు. ఆ రాత్రే తీసి బియ్యం కుండలో దాచాను. ఎందుకు దాచానో అప్పుడు నాకూ తెలియదు. పైన గుడ్డ, తెల్ల నూలుతాడు, ముడి మీద నువ్వు పోసిన మైనం, ఆ మైనం మీద నువ్వు వేడిగా ఉండగానే అద్దిన నీ బొటనవేలి ముద్ర, అన్నీ పెళ్ళినాడు ఎలా వచ్చాయో అలాగే ఉన్నాయి. ఒక్క గీత చెదరలేదు. దాన్ని వెంట తెస్తున్నాను.

వాళ్ళ ముందు నేనే మాట్లాడతాను. మాట్లాడాలనే ఉంది. ఒకవేళ నా గొంతు రాకపోతే, డబ్బా తీసి కెమెరా ముందు పెడతాను. నువ్వు నీ బొటనవేలు దాని పక్కన పెట్టు.